తాళాలాయన ఇంట్లో దొంగతనం

“ఒప్పుకున్నాడా?” అన్నారు అత్తగారు, టీ గ్లాసు చేతికి రాకముందే.

“ఎక్కడ! నిన్న సాయంత్రం నుంచీ కూర్చోబెట్టి అడుగుతున్నారట. తెలీదు, చూళ్ళేదు, నిద్రపోతున్నాను... ఇంతే. మన భాష నేర్చుకుంది ఈ ముక్కల కోసమే కాబోలు,” అన్నాడు మరిది, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళొచ్చినవాడు కనక ఆ ఉదయం అతని మాటకి కాస్త బరువొచ్చింది. మామూలు రోజుల్లో ఆ ఇంట్లో అతని మాటకీ, రేడియోలో వాతావరణ సూచనకీ ఒకటే మర్యాద.

పెద్దకోడలు అందరికీ టీ ఇచ్చి, తన గ్లాసుతో వంటింటి గడపలో నిలబడింది. నిజానికి చిన్నకోడలు ఇంకా రాలేదు. మరిదికి పెళ్ళి ఈమధ్యే కుదిరింది. కుదిరిన రోజే ఈమెకి ‘పెద్ద’ అనే హోదా తగిలించేశారు. హోదాతో పాటు పనే తప్ప మరేమీ పెరగలేదు.

మేడమీద అద్దెగదిలో అడుగుల చప్పుడు. ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి. కింద ఉన్న నలుగురూ ఒకేసారి పైకప్పు వంక చూశారు.

“ఏం వెతుకుతోందో!” అన్నారు అత్తగారు.

“మొగుణ్ణి పోలీసులు తీసుకుపోతే వెతకడానికేముంటుంది అత్తయ్యా? కాళ్ళు నిలవక తిరుగుతోంది.”

“గాజులెక్కడ దాచాలా అని తిరుగుతోందేమో,” అన్నాడు మరిది.

ఇంటాయన ఇంతసేపూ నోరు విప్పలేదు. వీధిలో ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. చుట్టుపక్కల తలుపులన్నీ ఆయన అమ్మిన తాళాల ధైర్యంతోనే నిద్రపోతాయి. అలాంటి మనిషి ఇంట్లో, పట్టపగలు, వేసిన తాళం వేసినట్టుండగానే, తల్లి బంగారు గాజుల జత బీరువాలోంచి మాయమైంది. గాజులు పోయిన బాధ ఒక పాలైతే, “తాళాలాయన ఇంట్లోనేనా!” అంటూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళ వల్ల కలిగింది మూడు పాళ్ళు.

“రేపు అమ్మ వచ్చి స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాలన్నారు,” అన్నాడాయన. “అది పడితే కేసు కడతారు. కేసు పడ్డాక పరాయి దేశంవాణ్ణి ఇక్కడ ఉంచరు. ఇద్దర్నీ వచ్చిన చోటికే పంపేస్తారట.”

“ఇద్దర్నీనా? ఆవిడేం చేసింది?” అంది పెద్దకోడలు.

“వాడి పర్మిట్ కాగితం మీదే కదా ఆవిడ ఉంటోంది. వాడు పోతే ఆవిడా పోతుంది.”

అత్తగారు టీ ఊదుకుంటూ ఉండిపోయారు. టీ అప్పటికే చల్లారిపోయింది.

“వదినకి వాళ్ళమీద జాలి ఎక్కువ,” అన్నాడు మరిది. “వీళ్ళు రాకముందు ఈ వీధిలో తలుపులు బార్లా తీసిపెట్టుకుని పడుకునేవాళ్ళం.”

“ఎవరు పడుకున్నారు? మీ నాన్నగారు తాళాలమ్మి మిమ్మల్ని ముగ్గుర్నీ పెంచారు. అందరూ తలుపులు తీసుకుని పడుకుంటే ఆ తాళాలు కొన్నదెవరు?”

మరిది ఒక గుటక టీ అనవసరంగా తాగాడు. “అది వేరు వదినా. మందుల షాపాయన స్కూటరు పోయిందా? పంపు దగ్గర మోటారు పోయిందా?”

“మోటారు వాళ్ళు రాకముందే పోయింది.”

“ముందో వెనకో, పోయిందా లేదా?”

జవాబు ఉండదన్న ధైర్యంతోనే కొన్ని ప్రశ్నలు వేస్తారు.

“చాల్లే,” అని లేచాడు ఇంటాయన. “సాయంత్రం మన వరండాలో మీటింగు. ఇకమీదట ఈ వీధిలో ఎవరూ అలాంటివాళ్ళకి ఇల్లు అద్దెకివ్వకూడదని తీర్మానం. కమిటీ సెక్రటరీని నేను. ముందు నా మేడే ఖాళీ చేయించాలి. కుర్చీలు తుడిచి ఉంచు.”

* * *

మగవాళ్ళు షాపుకి వెళ్ళారు. అత్తగారు పక్కింటికి వెళ్ళారు, గాజుల కథ మళ్ళీ చెప్పడానికి. చెప్పినకొద్దీ ఆ గాజులు బరువెక్కుతున్నాయి.

పెద్దకోడలు కూరల సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మేడమెట్ల మీంచి మేడమీదావిడ దిగి వచ్చింది. మొగుడు బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తాడు. తెల్లారకముందే వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటాడు. ఈమె ఒక ఆసుపత్రిలో నేలలు తుడుస్తుంది.

“అక్కా, మీరు నాతో మాట్లాడతారా, మాట్లాడరా?”

“మాట్లాడుతున్నాగా.”

“ఆయన తియ్యలేదు.”

“ఆరోజు మధ్యాహ్నం నువ్వింట్లో ఉన్నావా?”

“లేదు. పనిలో.”

“మరి నీకెలా తెలుసు?”

“మీ ఆయన సంగతి మీకెలా తెలుసు?”

పెద్దకోడలికి ఈ ప్రశ్న నచ్చలేదు. ‘తెలుసు’ అని వెంటనే అనలేకపోయినందుకు మరీ నచ్చలేదు.

దాచుకోవడమెందుకు, ఆమెకీ అనుమానం ఉంది. ఆ మనిషి మధ్యాహ్నాలు నిద్రపట్టక మెట్లమీద కూర్చుని వీళ్ళ గుమ్మం వంకే చూస్తూ ఉండడం ఆమె ఎన్నోసార్లు గమనించింది. మెట్లమీద కూర్చున్నవాడు గుమ్మం వంక కాక ఎటు చూస్తాడు అని మొన్నటిదాకా అనిపించలేదు. గాజులు పోయాక ఆ చూపుకి అర్థాలు పుట్టుకొచ్చాయి.

మేడమీదావిడ పనికి వెళ్ళిపోయింది. పెద్దకోడలు తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, తాళం వేసింది.

వేసి, చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయింది.

అది మామగారు స్వయంగా చేసిన పాత ఇత్తడి తాళం. తాళంచెవి పెట్టే కన్నం అడుగున కాక ముఖం మీద ఉంటుంది. నొక్కితే పడదు. వెయ్యాలన్నా, తియ్యాలన్నా తాళంచెవి తిప్పాల్సిందే. ఈ ఇంట్లో దాన్ని కన్నం తలుపు వైపుకి తిప్పి వేస్తారు. వాన పడదు, దుమ్ము పట్టదు, దారినపోయేవాడికి కన్నం కనబడదు. “కన్నం బయటికి పెట్టడమంటే దొంగకి కుర్చీ వెయ్యడమే” అనేవారు మామగారు. అలా వెయ్యాలంటే మణికట్టు వెనక్కి మెలితిప్పి, కంటితో కాక వేళ్ళతో చూసుకోవాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకి అది పట్టుబడేసరికి నెలలు పట్టింది. అంతవరకూ ఇంటిల్లిపాదీ వెనక నిలబడి నవ్వారు.

గాజులు పోయిన రోజు సాయంత్రం అందరికంటే ముందు ఇంటికొచ్చింది తనే. పన్ను పీకించుకుని, దవడ తిమ్మిరెక్కి వచ్చింది. అయినా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మణికట్టు మెలితిప్పింది, తాళం తీసింది.

అంటే ఆరోజు కన్నం తలుపు వైపే ఉంది.

ఏ దొంగైనా తాళం తీస్తే తీసి పారేస్తాడు. బుద్ధిమంతుడైన దొంగైతే తిరిగి వేస్తాడేమో. మణికట్టు మెలితిప్పుకుని, ఇంటి ఆచారం ప్రకారం వేసి వెళ్ళే దొంగని మాత్రం ఆమె ఊహించలేకపోయింది.

* * *

మధ్యాహ్నం భోజనం క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్ళింది. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టుకోవలసిన షాపు అది. గోడనిండా మేకులకి ఇంకా చెక్కని తాళంచెవులు. ఆరోజు జనం గుమ్మం బయటదాకా ఉన్నారు. వీధిలో దొంగతనం జరిగిందని వినగానే అందరికీ తలుపు గొలుసులు కావలసి వచ్చాయి. ఎవరింట్లో జరిగిందో ఆయన దగ్గరే కొంటున్నారు.

“ఇది గట్టిదేనా బాబూ?” అంటోంది ఒకావిడ.

“గట్టిదమ్మా. మా ఇంట్లోనూ ఇదే,” అన్నాడు తాళాలాయన. అని, తనే నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ గొలుసు కిందపెట్టి ఇంకోటి చూపించమంది.

జనం పల్చబడి, మరిది బయటికి వెళ్ళాక పెద్దకోడలు క్యారేజీ విప్పుతూ అడిగింది. “ఏమండీ, ఆరోజు మధ్యాహ్నం మీ తాళంచెవి ఎక్కడుంది?”

“ఎక్కడుంటుంది? నా జేబులో.”

“మీ తమ్ముడికేమైనా ఇచ్చారా?”

“వాడు రెండుసార్లు పారేశాక ఇవ్వడం మానేశా. రోజంతా నా ఎదురుగానే కూర్చున్నాడు, ఆ కుదిరిన పిల్లతో ఫోన్లో నవ్వుకుంటూ. ఎందుకూ?”

ఆమె గొంతు తగ్గించింది. “నేను వచ్చేసరికి తాళం మన పద్ధతిలోనే వేసుంది. కన్నం లోపలివైపుకి.”

ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

నిజమా అనలేదు. బాగా గుర్తుందా అనలేదు. “ఇంకెవరితోనైనా అన్నావా?” అన్నాడు.

“లేదు.”

“అనకు. పన్ను పీకించుకుని వచ్చావారోజు. సగం మొహం తిమ్మిరి. ఏం చూశావో నీకే తెలీదు.”

“తిమ్మిరెక్కింది దవడండీ, చెయ్యి కాదు.”

“వీధంతా వాడే అంటోంది. పోలీసులూ వాడే అంటున్నారు. మధ్యలో నువ్వొచ్చి, కాదు మన ఇంట్లోవాళ్ళే అంటావా? తాళాలాయన ఇంట్లో దొంగ తాళాలాయన మనిషేనని తెలిస్తే ఈ షాపు గుమ్మం తొక్కేదెవడు?”

“మరి ఆ మనిషి...”

“పరాయివాడికోసం నన్ను బజార్న పెట్టకు,” అని తాళంచెవులు కోసే మిషన్ ఆన్ చేశాడు. ఆ రొదలో ఇంక మాట వినబడదు.

అందులో కొయ్యడానికి ఏ తాళంచెవీ లేదు.

* * *

ఇంటికి తాళంచెవులు మూడు. ఒకటి ఆయన జేబులో ఉంది. ఒకటి తన సంచీలో, పంటి డాక్టరు దగ్గర ఉంది. మూడోది అత్తగారి నడుముకి ఉంటుంది. అత్తగారు ఆరోజు పొద్దున్నే కూతురింటికి వెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే ఉండి వచ్చారు. అలా అని ఆవిడే చెప్పారు.

అత్తగారు కునుకు తీస్తున్నారని చూసుకుని, పెద్దకోడలు ఆడపడుచుకి ఫోన్ చేసింది.

“వదినా! గాజుల సంగతేమైనా తెలిసిందా?” అంది ఆడపడుచు, హలో కూడా అనకుండా.

“ఏం తెలుస్తుంది? అది సరేగానీ, మీ అమ్మగారి గొడుగు కనబడ్డం లేదు. ఆరోజు మధ్యాహ్నం మీ ఇంటినుంచి ఇటు వచ్చేటప్పుడు ఎక్కడో వదిలేశానంటున్నారు. మీ గుమ్మంలో ఉందేమో కాస్త చూడు.”

గొడుగు పెద్దకోడలి కళ్ళెదురుగా మేకుకి నిక్షేపంగా వేలాడుతోంది.

“అసలు గొడుగే తెచ్చుకోలేదు వదినా! అన్నం తిని అంత ఎండలో వట్టి తలతో వెళ్తావేంటమ్మా, కాస్త చల్లబడ్డాక వెళ్ళి తెద్దువుగాని అని నేనే...”

ఆగిపోయింది. ఫోన్లో ఎక్కడో గోడగడియారం కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

“అంటే... సాయంత్రం. సాయంత్రం బయల్దేరేటప్పుడు.”

“సాయంత్రం ఎండెక్కడిదమ్మా?”

“వదినా, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి,” అని పెట్టేసింది.

పెద్దకోడలు ఫోన్ బల్లమీద పెట్టి కూర్చుంది. పెళ్ళి కుదిరిన రోజు ఇంటాయన వియ్యాలవారి ముందు ఉత్సాహంగా అన్నమాట జ్ఞాపకం వచ్చింది. ‘మా అమ్మ గాజులు కొత్తకోడలి చేతికే.’ అత్తగారు ‘అలాగే’ అన్నారు. ఆ గాజుల మీద కూతురు ఎప్పట్నుంచో ఆశ పెట్టుకున్న సంగతి తెలియనిది ఇంట్లో ఆయనొక్కడికే.

* * *

అత్తగారు లేచి వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుని బీన్స్ ముందుకు లాక్కున్నారు.

“మీ అమ్మాయి ఇంట్లో పాలు పొంగాయట,” అంది పెద్దకోడలు.

“ఈవేళప్పుడు పాలేమిటి?”

“నేనూ అదే అనుకున్నా.”

అత్తగారు బీన్స్ విరవడం మొదలుపెట్టారు. పెద్దకోడలు ఎదురుగా కూర్చుని తనూ నాలుగు తీసుకుంది. ఇద్దరూ తలెత్తలేదు.

“గాజులు మీరే తీసుకెళ్ళి ఇచ్చారు కదా అత్తయ్యా?”

అత్తగారి చేతిలో కాయ టప్పున విరిగి ఎగిరి స్టవ్ కింద పడింది. ఆవిడ దాన్నే చూస్తూ అన్నారు. “నా గాజులు. నా మొగుడు చేయించినవి. నా కూతురికి ఇచ్చుకుంటే దొంగతనమా?”

“కాదు. ఇచ్చానని చెప్తే ఎవరూ ఏమీ అనరు.”

“నీ మొగుడంటాడు. నన్నో మాటైనా అడక్కుండా వాళ్ళకి మాటిచ్చేశాడు. కనబడ్డం లేదంటే నాలుగు రోజులు వెతికి ఊరుకుంటారనుకున్నా. దొంగ అన్నది నేనా? వాడే అన్నాడు. మేడమీదవాడే అన్నది చిన్నాడు. నేను ఊఁ అన్నాను, అంతే.”

“ఆ ఊఁ పట్టుకునే ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు.”

“కూర్చుని వస్తాడు. వాళ్ళేమన్నా మనలాంటివాళ్ళా? ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. తిరగడం అలవాటైన ప్రాణాలు.”

“అక్కడ ఉండగలిగితే ఇంతదూరం వచ్చి మన మేడమీద ఉంటారా? వేసవిలో ఆ గదిలో మనం అప్పడాలు కూడా పెట్టుకోం, మాడిపోతాయని.”

అత్తగారికి నవ్వు రాబోయి ఆగింది. “ఇప్పుడు నేను కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పోలీసులదాకా వెళ్ళింది.”

“ఇచ్చానని చెప్పకండి. పాత చీరల మడతల్లో కనబడ్డాయనండి. మతిమరుపు అనుకుంటారు. మీటింగులో మీరే అనేస్తే నవ్వి లేచి వెళ్ళిపోతారు. గాజులు రేపు మీ అమ్మాయి దగ్గర్నుంచి నేను తెస్తాను. తర్వాత ఎవరికివ్వాలో మీరే చెప్పండి, మీ పక్కన నేను మాట్లాడతా.”

గిన్నె నిండింది. అయినా అత్తగారు విరిచినవాటినే మళ్ళీ విరుస్తున్నారు.

“సరే,” అన్నారు చివరికి. “నువ్వు మంచిదానివే.”

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారి నోట ఆ మాట రావడం అదే మొదలు.

* * *

సాయంత్రం వరండా నిండింది. కుర్చీలు చాలనివాళ్ళు గోడకి చేరబడ్డారు. మేడమీదావిడ పనినుంచి వచ్చి, పైకి వెళ్ళకుండా మెట్లమీద సగం దూరంలో కూర్చుంది. అందరికీ కనబడుతోంది గాని ఎవరూ చూడడం లేదు.

“నాకెవరిమీదా పగ లేదండీ,” మొదలుపెట్టాడు మందుల షాపాయన. “మా అమ్మాయి బస్సు దిగి చీకట్లో నడిచి రావాలి. బస్టాపు పక్క గోడౌన్‌లో వీళ్ళ దేశపు మగాళ్ళు ఒక్క గదిలో గుంపుగా ఉంటున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తుంటారు. నాకు భయమేస్తుంది. మీరు లెక్కలు చెప్తే ఆ భయం పోతుందా మాస్టారూ?”

లెక్కల మాస్టారు రిటైరై చాలా కాలమైంది గాని ఎదుటివాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచే అలవాటు పోలేదు. “పోదు. నాకూ మనవరాలుంది. కానీ అక్కడ స్తంభం మీద దీపం వెలగక ఎన్నాళ్ళయింది? వాళ్ళు రాకముందూ వెలగలేదు. దీపం కోసం ఒక్క మీటింగు పెట్టామా మనం?”

“దీపం దొంగతనాలు చేస్తుందా?” అన్నాడు మరిది. నలుగురు నవ్వారు.

“చెయ్యదు. దొంగతనాల సంగతే చూద్దాం. మీ స్కూటరు పోయిందని వీధి వాట్సాప్ గ్రూపులో ఎంతమంది పెట్టారండీ?”

“అందరూ పెట్టారు. మంచి వీధి కదా,” అన్నాడు మందుల షాపాయన.

“అందుకే పక్క ఊళ్ళో మా మేనల్లుడు ఫోన్ చేసి, మీ వీధిలో రోజుకో స్కూటరు పోతోందటగా మావయ్యా అన్నాడు. ఇంతకీ దొరికిందా?”

“దొరికింది.”

“ఎవరు తీశారు?”

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. “మా బావమరిది. చెప్పకుండా పట్టుకెళ్ళాడు.”

“మరి ఆ సంగతి గ్రూపులో పెట్టలేదేం?”

“కుటుంబ విషయాలు గ్రూపులో పెడతామా!”

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు మెట్లదాకా వెళ్ళి ఆగిపోయింది.

“స్కూటరు సంగతి సరే,” అన్నాడు మరిది, లేచి నిలబడి. “మా అమ్మ గాజులో?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచాడు. “అతనే తీశాడని తేలితే అతనికి శిక్ష పడాల్సిందే. అప్పుడు నేనూ మీతోనే. అంతేగాని ఒకడు తీశాడని ఆ దేశంవాళ్ళందర్నీ...”

“ఒక్కడితోనే మొదలవుతుంది మాస్టారూ!”

“మన దొంగ ఒకడు దొరికితే మనందర్నీ అనుమానిస్తారా బాబూ?”

“మనవాళ్ళు మనకి తెలుసు కదండీ,” అన్నాడు మందుల షాపాయన. ఆ మాటకి చాలా తలలు ఊగాయి.

అందరూ అత్తగారి వంక చూశారు. పెద్దకోడలూ చూసింది. ఇదే సమయం.

అత్తగారు కొంగు భుజం చుట్టూ లాక్కున్నారు. “నేనేం చెప్తాను నాయనా! పెద్దలు మీరంతా ఎలా అంటే అలా.”

పెద్దకోడలు ఇంకాసేపు ఎదురుచూసింది. అత్తగారు ఇటు తిరగలేదు.

“తీర్మానానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి,” అన్నాడు ఇంటాయన. చేతులు లేచాయి. మెట్లమీద మేడమీదావిడ ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా చూస్తోంది.

“ఒక్క మాట,” అంది పెద్దకోడలు.

“నువ్వు లోపల టీ సంగతి చూడు,” అన్నాడు ఇంటాయన.

“టీ ఇవ్వడం అయిపోయిందండీ. మాటే మిగిలింది.”

తలుపు మూసి గొళ్ళెం పెట్టి, ఇత్తడి తాళం, తాళంచెవి మాస్టారి చేతికిచ్చింది. “కాస్త వెయ్యండి.” మాస్టారు వేశాడు. మందుల షాపాయన్ని పిలిచి తీసి మళ్ళీ వెయ్యమంది. ఆయనా వేశాడు. రెండుసార్లూ కన్నం అందరికీ ఎదురుగా, ముక్కులా కనబడింది.

“మా ఇంట్లో ఎవరూ ఇలా వెయ్యరు.” ఆమె తాళం తీసి, మణికట్టు తిప్పి, కన్నం తలుపు వైపుకి పెట్టి వేసింది. “ఆరోజు నేను వచ్చేసరికి ఇలా ఉంది.”

“దొంగ చూసింది చూసినట్టే పెట్టి ఉండొచ్చుగా అమ్మా?” అన్నాడు మాస్టారు, న్యాయంగా.

“ఉండొచ్చు. కానీ ఇది నొక్కితే పడదు. తాళంచెవి కావాలి. అవి మూడే ఉన్నాయి. ఆయనదొకటి. నాదొకటి. అత్తయ్యదొకటి.”

తాళాలాయన తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

“అత్తయ్యా,” అంది పెద్దకోడలు మెత్తగా. “ఇప్పటికైనా చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.”

అత్తగారు లేచారు. మోకాళ్ళు పట్టుకుని, కుర్చీ చెయ్యి ఊతం చేసుకుని, తీరిగ్గా లేచారు.

“చెప్తాను. ఇంటి పరువు కదా, కడుపులో దాచుకుందామనుకున్నా. తనే అడుగుతోంది కనక చెప్తున్నా. నా పెద్దకోడలన్నది నిజం. ఇది ఇంట్లోవాళ్ళ పనే.”

మెట్లమీద మేడమీదావిడ లేచి నిలబడింది.

“నా పెద్దకొడుకు షాపులో ఉన్నాడు, చిన్నాడు వాడి ఎదురుగానే ఉన్నాడు. నేను పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. దానికి ఫోన్ చేసి అడగండి, అదే చెప్తుంది. ఇంక మిగిలిన తాళంచెవి ఎవరిదో తన నోటితో తనే చెప్పింది.” అత్తగారు పెద్దకోడలి వైపు వేలు చూపించారు. “ఈ ఇంట్లో అందరం ఒక నెత్తురువాళ్ళం. బయట్నుంచి వచ్చింది తనొక్కతే.”

అత్తగారు కూడా ఒకప్పుడు ఆ గుమ్మంలోకి బయట్నుంచే వచ్చారన్న సంగతి ఆవిడకి తోచలేదు. వరండాలో ఇంకెవరికీ తోచలేదు.

ఇందాకటిదాకా మెట్లవైపు చూడకుండా తప్పించుకున్న కళ్ళన్నీ ఇప్పుడు పెద్దకోడలి మీదికి తిరిగాయి. ఆమె ఆ కళ్ళని లెక్కచెయ్యలేదు. మొగుడి వంక చూసింది. మధ్యాహ్నం షాపులో ఆకురాయి ఆపినవాడు, తాళం సంగతి విని నిజమా అని కూడా అడగనివాడు, గాజులు తను తియ్యలేదని ఆయనకి తెలుసు.

తాళాలాయన తలెత్తాడు. తల్లిని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. గోడకి చేరబడ్డ వీధినంతా చూశాడు. అందరికంటే చివర భార్యని చూశాడు.

“గాజులెక్కడున్నాయి?” అన్నాడు.

ఎక్కడున్నాయో ఆ వరండాలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

“నిన్నే. చెప్పు,” అన్నాడు.